ఏడో పిల్ల

మార్చి 4

గుండె డాక్టరు ఇక అరవొద్దన్నాడు. అరవకపోతే ఉండలేనంటే కాగితం మీద అరవమన్నాడు. పదకొండేళ్ళకే బడి మానేసి మేకల వెంట పడ్డవాణ్ణి. కాగితం మీద ఎలా అరుస్తారో మా పంతులు నేర్పలేదు. అయినా మొదలుపెడుతున్నాను.

మిరేయ్ మీద కోపం. మా అన్న కూతురు. ఈ కొండ మీది ఊళ్ళకి మేయరు. మేయరయిందగ్గర్నుంచీ నాతో కూడా సభలో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పారిస్ నుంచి సినిమావాళ్ళు వస్తున్నారట. మా అమ్మ మీద సినిమా తీస్తారట. యుద్ధంలో మా అమ్మ నోయెమీ యూదుల పిల్లల్ని దాచింది కదా, ఆ సంగతి. మా ఇల్లు, చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టే గుడిసె, దాని కింద పచ్చిక మడి, అన్నీ వాళ్ళకి ఇచ్చేసింది. నన్నడగలేదు. అడిగానంటుంది. క్రిస్మస్ రోజు అడిగిందట, నేను తలూపానట. క్రిస్మస్ భోజనమయ్యాక నేను కునుకుతూ తలూపుతాను. ఊరంతటికీ తెలుసు.

సంతకం నాదే. చదవకుండా పెట్టాను. అది వేరే సంగతి.

నాకు సినిమా అక్కర్లేదు. మా అమ్మకీ అక్కర్లేదు. బతికున్నన్నాళ్ళూ ఎవరైనా ఆ మాటెత్తితే లేచి బయటికి పోయేది.

మార్చి 6

సినిమావాళ్ళు రాలేదు. నేనేమీ ఎదురుచూడలేదు. గేటు కీలు వదులైంది, పొద్దున్నుంచీ అక్కడ పనుండి నిలబడ్డాను.

మార్చి 9

వచ్చారు. లారీలు, వాన్లు, గొడుగులు, కాఫీ కాచేవాడు ఒకడు, ఆ కాఫీ తాగేవాళ్ళు ముప్ఫైమంది. వీళ్ళందరికీ పెద్ద ఒక ఆడపిల్ల, సోలెన్. నలభై ఏళ్ళుంటాయి. జుట్టు నా కంటే పొట్టిగా ఉంది. నన్ను తాతగారూ అంది. నేను నీకు తాతని కాదు, నా పేరు ఏబెల్ ఫెస్కే అన్నాను. అలాగే ఫెస్కే గారూ అంది. పొగరు లేదు. అదొకటే బాగుంది.

మధ్యాహ్నం మా వంటింట్లోకి వెళ్ళి చూద్దును కదా, అమ్మ కుర్చీ పైన గోడకి సిలువ. ఉత్త సిలువ కూడా కాదు, దాని మీద మనిషి బొమ్మ వేలాడుతూ. రెండు కొవ్వొత్తులు. కింద మేరీమాత.

డాక్టరు గుర్తొచ్చాడు. అయినా అరిచాను. మేం ప్రొటెస్టెంట్లం. మా గోడల మీద ఏ బొమ్మా ఉండదు. ఆ బొమ్మని ముద్దు పెట్టుకోమని కేథలిక్కు రాజుగారి సిపాయిలు మా ముత్తాతల ముత్తాతల ఇళ్ళలో దిగి, పొయ్యిలో పాదాలు పెట్టించారు. పెట్టుకోనన్న మగవాళ్ళని ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పంపారు. ఆడవాళ్ళని బురుజులో పడేశారు. మా బైబిలు రొట్టె పిండిలో దాక్కుని బతికింది. పాస్టర్లు మా కాయల గుడిసెల్లో దాక్కుని బతికారు. దాక్కోవడం, దాచిపెట్టడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మ ఆ పిల్లల్ని ఎందుకు దాచిందో తెలియాలంటే, అమ్మాయ్, ముందు ఆ గోడ మీద ఏముండదో తెలుసుకో అన్నాను.

సోలెన్ తనే కుర్చీ ఎక్కి సిలువ దింపింది. వాళ్ళ కుర్రాడొకడి చేతికిస్తే ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకు తిరిగాడు.

ఇంకొకటి. అమ్మ వేషం వేసే ఆవిడ పొట్టిది. మా అమ్మ పొడుగు. గుమ్మంలోంచి వంగి వచ్చేది. ఆ మాట కూడా చెప్పాను.

మార్చి 10

మిరేయ్ పాత ఫోటో తెచ్చింది. అమ్మ మా గాడిద పక్కన నిలబడి ఉంది. తల గాడిద చెవి దాకా కూడా రాలేదు.

ఫోటోలో నేల పల్లంగా ఉంది.

మార్చి 14

మిరేయ్ సాయంత్రం సూపు గిన్నె పట్టుకుని వచ్చింది. సినిమా కథ చదివి వినిపిస్తానంది. ఇంత మంచిగా వచ్చిందంటే ఏదో ఉందనుకున్నాను. ఉంది.

కథలో అమ్మ ఉంది. నాన్న జర్మనీలో ఖైదు, అదీ ఉంది. తొమ్మిదేళ్ళ నేనున్నాను, కథలో నేను నోరెత్తని పిల్లాణ్ణి. దానికి మిరేయ్ నవ్వింది. పిల్లలున్నారు. నతాన్ ఉన్నాడు, అప్పటికి ఐదేళ్ళవాడు, ఇప్పుడు లియోన్‌లో కళ్ళజోళ్ళ కొట్టు మూసేసి కూర్చున్నాడు. ప్రతి ఆదివారం నాకు ఫోను చేస్తాడు. నా తమ్ముడు లాంటివాడు. తమ్ముడే.

చివర్న పిల్లలు పచ్చిక మడిలో పరుగెత్తుతారట. తెర మీద అక్షరాలు పడతాయట: నోయెమీ ఫెస్కే ఆరుగురు పిల్లల్ని కాపాడింది. ఒక్కరు కూడా పోలేదు.

ఇంకోసారి చదువు అన్నాను. చదివింది. రివ్కా ఏదీ అన్నాను. మిరేయ్ కాగితాలు సర్దుకుంది.

సూపు చల్లారిపోయింది. కర్ర తీసుకుని సినిమావాళ్ళ బస దాకా నడిచాను. సోలెన్ భోంచేస్తోంది. ఏడో పిల్ల ఏది అని అడిగాను.

"ఆరుగురే కదండీ?" అంది.

ఏడుగురు. నతాన్‌కి అక్క ఉంది. రివ్కా. మేం రెబెకా అని పిలిచేవాళ్ళం. మా ఊళ్ళో అందరివీ బైబిలు పేర్లే కాబట్టి ఆ పిల్లల పేర్లు పెద్దగా మార్చక్కర్లేకపోయింది. ఎనిమిదేళ్ళు. నా కంటే ఏడాది చిన్న, నా కంటే బాగా ఈల వేసేది. నలభై నాలుగు ఫిబ్రవరిలో గొంతు జబ్బు చేసి పోయింది. గొంతులో తెల్లటి తోలు పేరుకుని ఊపిరాడనివ్వదే, అది. మంచు నడుములోతు పడింది. డాక్టరు రాలేడు. మా వాళ్ళ పక్కనే పూడ్చాం.

సోలెన్ ఫోర్కు కింద పెట్టేసింది. ఎవరూ చెప్పలేదండీ అంది. ఇప్పుడు నేను చెప్పాను కదా, పెట్టు అన్నాను. ఆలోచిస్తానంది. ఆలోచించడానికేముంది? పిల్ల ఉంది. పోయింది. పెట్టు.

మార్చి 15

మంచు. నడుములోతు. ఆ రోజు గుమ్మం తలుపే తెరుచుకోలేదు. డాక్టరెలా వస్తాడు.

మార్చి 19

గోళ్ళల్లో మట్టి ఇంకా పోలేదు.

పొద్దున పాలు పిండి వస్తుంటే ఇంటి వెనక సుత్తి చప్పుడు. వెళ్ళి చూస్తే రెండు సైప్రస్ చెట్ల మధ్య ఇనప పట్టాలు వేస్తున్నారు, కెమెరా బండి దొర్లడానికి. మేకులు కొడుతున్నారు. తాత మీద ఒక మేకు. నాన్న మీద ఒకటి. అమ్మ మీద పట్టా అడ్డంగా. గోడ వైపు చివర్న, రివ్కా మీద, కాఫీ బల్ల.

నేను మేకులు పీకాను. వేళ్ళతో. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను పట్టుకోబోతే ఒకడి చెయ్యి కొరికాను. సొంత పళ్ళతోనే.

సోలెన్ పరుగెత్తుకొచ్చింది, వెనకే మిరేయ్. ఇది శ్మశానం అన్నాను. సోలెన్ మొహం పాలిపోయింది. "రాయి లేదు కదండీ, పేరు లేదు. మాకెలా తెలుస్తుంది?" అంది. ఆ మాట నిజమే. నిజమైతే మాత్రం కోపం పోతుందా? వెనకటి రోజుల్లో మమ్మల్ని ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు. సొంత నేలలో పూడ్చుకున్నాం. రాయి పెడితే సిపాయిలు తవ్వి పారేస్తారని పెట్టలేదు. తర్వాత రాజులు పోయారు, సిపాయిలు పోయారు, రాయి పెట్టకపోవడం మాత్రం మాకు అలవాటుగా ఉండిపోయింది. ఎవరెక్కడ ఉన్నారో ఇంట్లోవాళ్ళకి తెలుసు, దేవుడికి తెలుసు. ఇంకెవరికి కావాలి? అదీ మా లెక్క. ఆ లెక్క ఇవాళ నా మొహాన కొట్టింది. మిరేయ్‌కి తాత తెలుసు, నాయనమ్మ తెలుసు. రివ్కా ఎక్కడుందో తెలియదు. నేను పోతే ఎవరికీ తెలియదు.

మిరేయ్ మీద అరవలేదు. ఏడుస్తోంది.

మా పోతుమేకని తెచ్చి చెట్టుకి కట్టేశాను. దాని కంపుకి కాఫీవాడు బల్ల సర్దుకుని తనే పోయాడు.

మార్చి 20

సోలెన్ వచ్చి పోతుమేక పక్కనే నేల మీద కూర్చుంది. ముక్కు మూసుకోలేదు.

తన దగ్గర నతాన్ మాటల రికార్డు ఉందంది. కిందటేడు లియోన్ వెళ్ళి మూడు మధ్యాహ్నాలు మాట్లాడిందట. వినిపించింది. వాడి గొంతే. "ఆరుగురం. అందరం బతికాం. నాతోపాటు వచ్చినవాళ్ళలో ఎవరూ పోలేదు." అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని ఈమె అడిగితే, "అక్క ఉండేది. లియోన్‌లో నాన్నతోపాటు పట్టుకుపోయారు" అన్నాడు.

ఇంకోసారి పెట్టమన్నాను. పెట్టింది. అదే అన్నాడు.

మార్చి 21

ఫోను చేశాను. గురువారం నేను ఫోను చెయ్యడం చూసి ఎవరు పోయారు అని అడిగాడు.

"మీ అక్క పోయింది. డెబ్బై ఏళ్ళయింది, నీకు కబురు అందలేదటగా" అన్నాను.

వాళ్ళావిడ వెనకనుంచి ఎవరండీ అంటోంది. ఏబెల్‌లే అన్నాడు. తర్వాత మెల్లగా, వదిలెయ్యరా అన్నాడు. సినిమాయే కదా అన్నాడు. అందులో నిన్ను నోరెత్తని పిల్లాడిగా పెట్టారు, అదొక్కటి చాలదా అబద్ధమని తెలియడానికి అని నవ్వబోయాడు.

నేను నవ్వలేదు. తోడబుట్టినదాన్ని లెక్కలోంచి కొట్టేసినవాడు నాతో మాట్లాడక్కర్లేదన్నాను. ఫోను పెట్టేశాను. మళ్ళీ తీసి, ఆదివారం కూడా చెయ్యకు అని చెప్పి పెట్టేశాను.

మార్చి 22

తమ్ముడంట.

మార్చి 24

ఆదివారం. ఫోను రాలేదు. నేనే వద్దన్నాను. పదకొండింటికి గేటు దగ్గర టాక్సీ ఆగింది. నతాన్ దిగాడు. మోకాళ్ళు పనిచెయ్యవు వాడికి, అంత దూరం నుంచి ఒక్కడే వచ్చాడు.

నాతో మాట్లాడకుండా తిన్నగా చెట్ల దగ్గరికి పోయాడు. ఎక్కడ నిలబడాలో వాడికి తెలుసు. అడుగు కూడా తప్పు పడలేదు. చిన్న గులకరాయి ఏరి నేల మీద పెట్టాడు, యూదుల పద్ధతి అది. పోతుమేక వచ్చి వాసన చూసింది.

నేను దగ్గరికి పోయి మొదలుపెట్టాను. నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. ఇక్కడ మళ్ళీ రాయను. అన్నీ విని, వాడొక్క మాట అడిగాడు.

"మంచు ఎక్కడుంది ఏబెల్?"

ఏం మంచు అన్నాను.

"సోలెన్ చెప్పింది. నడుములోతు మంచు పడింది, డాక్టరు రాలేకపోయాడు అన్నావటగా. నాకు ఐదేళ్ళు. అయినా నేను మర్చిపోలేదు. ఆ రోజు ఎండగా ఉంది. గుడిసె చెక్కల సందులోంచి ఎండ అక్క మొహం మీద పడుతుంటే నా టోపీ అడ్డం పెట్టాను."

నేను మేకని విప్పి కట్టాను.

వాడు గోడ మీద కూర్చుని చెప్పాడు. యుద్ధం అయ్యాక వాళ్ళమ్మ బతికి వచ్చింది. కొడుకుని చూసి, మరి అది ఏదీ అని అడిగింది. ఏడేళ్ళవాడు ఏం చెప్పగలడు? నాన్నతో పోయింది అన్నాడు. ఆ అబద్ధం వాడికి ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో పోయిందంటే ఎలా పోయింది అంటుంది, డాక్టరు రాలేదా అంటుంది. ఎందుకు రాలేదు అంటుంది. "మా అమ్మ చచ్చేదాకా రోజూ మీ అమ్మ పేరు పెట్టి దీవించిందిరా. కొత్త సంవత్సరానికి పార్సిలు కట్టేది. లోకం మీద ఆమెకి మిగిలిన నమ్మకం మీ అమ్మ ఒక్కతే. దాన్ని కూడా నేను తీసెయ్యాలా?" అన్నాడు. ఇప్పుడు ఈ సినిమా, ఈ పొగడ్తలు. అక్క పేరు ఎత్తితే జనం ముందు అడిగేది అదే. "నేను దాన్ని కొట్టేసింది మీ అమ్మ కోసంరా, గాడిదా."

భోజనానికి ఉండమన్నాను. ఉన్నాడు. ఉల్లిపాయలు తరిగాడు.

మార్చి 25

మంచు లేదు.

ఆ ఏడు మంచు జనవరిలో పడి కరిగిపోయింది. దారి ఆరిపోయి ఉంది. కింది ఊరికి గంట నడక. డాక్టరు ఇంట్లోనే ఉన్నాడు. సూదిమందు అతని దగ్గర ఉందని కూడా అమ్మకి తెలుసు. కిందటి నెలే మిల్లువాళ్ళ పిల్లాడికి వేసి బతికించాడు.

అతను పోలీసులతో పేకాడేవాడు. లోయ అవతల ఇంట్లో దాక్కున్న ముసలి యూదుల జంటని చూసొచ్చాడు. వారం తిరక్కుండా వాళ్ళని లారీ ఎక్కించారు. ఆ ఇంటాయన్ని కూడా. ఈ గొంతు జబ్బు వస్తే డాక్టరు ఒక్కర్నే చూసి పోడు. ఇంట్లో ఉన్న పిల్లల్నందర్నీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపిస్తాడు. ఎవరి పిల్లలు, ఎక్కణ్ణుంచి అంటాడు.

అమ్మ శాలువా కప్పుకుంది. చెక్కబూట్లు వేసుకుంది. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. గేటు దాకా వెళ్ళింది. గేటు తెరిచింది. అలా నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఆ మాడు వాసన అక్కడిదాకా వచ్చి ఉంటుంది. తిరగలేదు. తర్వాత గేటు మూసి లోపలికి వచ్చింది. బూట్లు విప్పి, గోడ పక్కన జతగా పెట్టింది. నా వైపు చూడకుండా గుడిసెలోకి పోయింది. వేన్నీళ్ళు, వెనిగరు, తేనె. వేలికి గుడ్డ చుట్టి ఆ తోలు గీకింది. రివ్కా వేలు కొరికింది. ఆ మచ్చ అమ్మకి చివరిదాకా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రివ్కా పోయింది.

ఎవరు అడిగినా మంచు అన్నాను. మా ఆవిడకీ మంచనే చెప్పాను. చెప్పగా చెప్పగా మంచు నిజంగానే పడింది. నాకు చలి కూడా గుర్తుంది.

మార్చి 27

వంటింట్లో కూర్చోబెట్టి సోలెన్‌కి అంతా చెప్పాను. నతాన్ ఉన్నాడు, మిరేయ్ ఉంది. నేను ఎప్పుడూ ఇంతసేపు అరవకుండా మాట్లాడలేదు. మిరేయ్ తట్టుకోలేకపోయింది. బడికి నాయనమ్మ పేరు పెట్టడానికి పైనుంచి అనుమతి కూడా వచ్చిందట.

"బాబాయ్, నాయనమ్మని ఊరందరి ముందు నిలబెట్టి దోషిని చేస్తావా?"

నేను చేసేదేమిటి అన్నాను. ఆరుగురు బతికారని చెప్పి ఊరుకుంటే ఆమె దేవత. ఎవరూ దేవతలు కారని నాకు నేర్పిందే ఆవిడ. గోడ మీద బొమ్మ పెట్టుకోని ఇంట్లో ఆమెనే బొమ్మని చేసి తగిలిస్తామా? సిలువ దింపించింది ఇందుకేనా?

"జనం రాళ్ళేస్తారు" అంది.

"వెయ్యనీ. ఆ పిల్ల మీద కాఫీ బల్ల పెట్టడం కంటే నయం" అన్నాను.

సోలెన్ నతాన్ వైపు చూసింది. మీ అక్క, మీరు చెప్పండి అంది. నతాన్ కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. జీవితమంతా జనానికి కళ్ళజోళ్ళు అమ్మినవాడు, తనది మాత్రం ఎప్పుడూ మసకగానే ఉంటుంది. "అక్క బాగా ఈల వేసేది. అది కూడా పెట్టండి" అన్నాడు.

డబ్బు పెట్టేవాళ్ళు ఒప్పుకోరని సోలెన్‌కి భయం. అయినా తీస్తానంది. ఆమె మీద ఇక కోపం లేదు. కొంచెం ఉంది, పట్టాల సంగతి.

ఏప్రిల్ 3

గేటు సీను తీశారు. నన్ను రావద్దన్నారు, వెళ్ళాను.

ఆ పొట్టావిడ గేటు దగ్గర వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ బాగుందన్నారు. నేను ఆపమని అరిచాను. ఆపడం సోలెన్ పనట, ఇంకెవరూ అనకూడదట. మా అమ్మ ఏడవలేదు అన్నాను. ఆవిడ దగ్గరికి వచ్చింది. మరేం చేసిందండీ అని అడిగింది, వినయంగానే. ఏమీ చెయ్యలేదు అన్నాను. ఏమీ చెయ్యకపోవడం ఎలా చెయ్యాలి అంది. గేటు పట్టుకో, దారి చూడు, పాలు మాడుతున్న వాసన రానీ, అయినా కదలకు అన్నాను.

మళ్ళీ తీశారు. గేటు మూసి తిరిగి వచ్చి బూట్లు విప్పి జతగా పెట్టింది.

నేను వెళ్ళిపోయాను. మేకలకి దాహంగా ఉంటుంది.

ఏప్రిల్ 4

పొట్టిదే. మా అమ్మ పొట్టిదే.

ఏప్రిల్ 20

ఊరికి తెలిసిపోయింది. సినిమావాళ్ళకి భోజనాలు పెట్టేవాడే చెప్పి ఉంటాడు. చర్చి బయట నన్ను చూసి ఇద్దరు మాట ఆపేశారు. ఒకాయన భుజం తట్టి, తల్లి గుట్టు అమ్ముకున్నావా అన్నాడు. వాళ్ళ నాన్న యుద్ధంలో కింది ఊళ్ళో జర్మన్లకి జున్ను అమ్మాడు. ఆ సంగతి గుర్తుచేశాను. భుజం మీద చెయ్యి తీశాడు.

మే 11

సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. పచ్చిక అంతా తొక్కేశారు. చాలా నిశ్శబ్దంగా ఉంది. హాయిగా ఉంది. హాయిగానే ఉంది.

డిసెంబరు 8

సోలెన్ ఫోను. చివరి అక్షరాలు మార్చానంది. చదివింది: ఏడుగురు పిల్లలు వచ్చారు. రివ్కా ఇక్కడే ఉండిపోయింది. బాగుందా అని అడిగింది. అక్షరాలు పెద్దవిగా వెయ్యి, నాలాంటివాళ్ళు నెమ్మదిగా చదువుతారు అన్నాను.

బడికి పేరు సంగతి ఏమైందో మిరేయ్ చెప్పడం లేదు. నేను అడగడం లేదు.

ఫిబ్రవరి 15

ఇవాళ ఊరి హాల్లో సినిమా వేశారు. చర్చికి వేసుకునే ఆదివారం కోటు వేసుకున్నాను. చలికి.

హాలు నిండిపోయింది. లోయ అవతలివాళ్ళు కూడా వచ్చారు. నతాన్ నా పక్కన, మిరేయ్ అటు పక్క. ముందు గంటసేపు జనం నవ్వారు, ఎవరి ఇల్లు కనపడితే వాళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. రివ్కా వేషం వేసిన పిల్ల ఈల వేస్తే నతాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

గేటు సీను వచ్చింది. అమ్మ నిలబడింది. దారి ఆరిపోయి ఉంది, ఎండగా ఉంది. గేటు మూసింది. బూట్లు జతగా పెట్టింది. హాల్లో ఎవరూ దగ్గలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ఆడగొంతు. రొట్టెల కొట్టు వలేరీ. నీమ్ పట్నం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, మనిషి చెడ్డది కాదు. పక్కావిడతో అంటోంది. "అయ్యో. డాక్టర్ని పిలవాల్సింది. నేనైతే పిలిచేదాన్ని."

పక్కావిడ అవునంది. ఇంకెవరో అవునన్నారు. మిరేయ్ తల వంచుకుంది. ఇదే జరుగుతుందని చెప్పాను కదా బాబాయ్ అన్నట్టు.

నేను లేచాను. నా నీడ తెర మీద పడింది, అమ్మ మొహం మీద. కూర్చో తాతా అని ఎవరో అన్నారు. వెనక్కి తిరిగాను. అరవలేదు. ఈ ఏడాదంతా అన్నిటికీ అరిచాను, దీన్ని మాత్రం మెల్లగానే అడిగాను.

"వలేరీ, ఆ మిగతా ఆరుగుర్నీ ఇప్పుడే చూశావు కదా. డాక్టరొస్తే వాళ్ళని తీసుకుపోయేవాళ్ళు. ఎవర్ని ఇచ్చేదానివి? పేరు చెప్పు. ఒకడు ఇక్కడే కూర్చున్నాడు, చూసి చెప్పు."

ఆమె నతాన్ వైపు చూసింది. నోరు తెరిచింది. మూసుకుంది.

హాలంతా ఎదురుచూస్తోంది. ఆమె ఏదో ఒకటి చెబుతుందని నేనూ ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను. నతాన్ నా కోటు పట్టి లాగితే కూర్చున్నాను. మిగతా సినిమా ఏం చూశానో నాకు తెలియదు.

ఆ ప్రశ్న నాది కాదు. అది ఇక్కడ రాయకుండా పడుకోలేను.

యుద్ధం అయ్యాక నాకు పన్నెండేళ్ళప్పుడు, అమ్మా నేనూ పై మడిలో ఉల్లినారు నాటుతున్నాం. అప్పటికి పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఉన్నట్టుండి డాక్టర్ని ఎందుకు పిలవలేదు అని అడిగేశాను. అడగడం కాదు, అరిచాను. అమ్మ నడుమెత్తలేదు. నారు నాటుతూనే ఉంది.

"ఎవర్ని ఇమ్మంటావు?" అంది. "నతాన్నా? నిన్నా? చెప్పు."

నేనూ నోరు తెరిచి మూసుకున్నాను.